గంటకు ఎంత పడుతోంది? ఇంటి పని జీతాలపై హన్మకొండ స్టూడియో చర్చ

(పాల్గొన్నవారు: ఇరవై ఏళ్లుగా ఇళ్లలో పనిచేస్తున్న మహిళ, సుబేదారిలో ఉండే రిటైర్డ్ టీచర్, కార్మిక కేసులు చూసే న్యాయవాది. మొదటి ఇద్దరి కోరిక మేరకు పేర్లు వేయడం లేదు.)

వ్యాఖ్యాత: అక్కా, మీతోనే మొదలుపెడదాం. ఇప్పుడు ఎన్ని ఇళ్లు చేస్తున్నారు?

పనిచేసే మహిళ: నాలుగు ఇళ్లు సార్. కరీమాబాద్‌లో ఐదున్నరకు బయలుదేరి షేర్ ఆటోలో హన్మకొండ వస్తా. మొదటి ఇంట్లో వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి ముగ్గేసుడు, బోళ్లు తోముడు, ఇల్లు ఊడ్చి తుడుచుడు. గంటన్నర పడుతుంది. నెలకు 1,500 ఇస్తారు.

న్యాయవాది: ఆ లెక్క ఇక్కడే వేద్దాం. రోజుకు గంటన్నర, ముప్పై రోజులు. మొత్తం 45 గంటలు. 1,500 రూపాయలను 45తో భాగిస్తే గంటకు 33 రూపాయలు. ఎనిమిది గంటలు చేసినా రోజుకు 267 దాటదు. తెలంగాణ పల్లెల్లో 2025-26 ఉపాధి హామీ కూలి 307 రూపాయలు. పట్నంలో, మన ఇళ్లలో ఇస్తున్నది దానికంటే తక్కువ. పైగా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నడిచే సమయం ఈ లెక్కలో లేదు, ఆటో చార్జీ కూడా లేదు.

రిటైర్డ్ టీచర్: నిజం చెబుతాను. పనికి మనిషిని పెట్టుకునేటప్పుడు నేను అడిగిన మొదటి మాట, ‘మా వీధిలో ఎంత ఇస్తున్నారు?’ అని. ఎన్ని గంటలు పడుతుందని ఒక్కసారి కూడా అడగలేదు. నలభై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను, ఈ చిన్న భాగహారం మాత్రం చేయలేదు. ఇంకో సంగతి, ఒకసారి 300 పెంచితే పక్కింటామె వచ్చి, ‘రేటు పాడు చేస్తున్నారు మేడం’ అన్నది.

వ్యాఖ్యాత: మరి చట్టం ఏమంటుంది?

న్యాయవాది: ఉమ్మడి రాష్ట్రంలోనే 2007లో ఇంటి పనిని కనీస వేతనాల పరిధిలోకి తెచ్చారు. కానీ ఎవరింట్లోనూ లేబర్ ఆఫీసర్ వచ్చి తనిఖీ చేయడు కదా. దేశం మొత్తానికి ప్రత్యేక చట్టం ఆలోచించాలని, అందుకు నిపుణుల కమిటీ వేయమని సుప్రీంకోర్టు 2025 జనవరిలో కేంద్రానికి చెప్పింది. అది వచ్చేదాకా ఆగనవసరం లేదు. పనిలో పెట్టుకునే రోజే ఏ పనులు, ఎంతసేపు, ఎంత జీతం, ఏ తేదీన, ఎన్ని సెలవులు అన్నది ఒక కాగితం మీద రాసి ఇద్దరూ ఉంచుకోండి.

పనిచేసే మహిళ: కాగితం ఉంటే మంచిదే సార్. ఎందుకంటే పని పెరుగుతుంది, జీతం పెరగదు. జాతర ఏడాది మేడారం పోయొచ్చిన చుట్టాలు ఇంటినిండా దిగుతారు. బోళ్లు రెండింతలు, దుప్పట్లు ఉతికేది వేరే. ఆ నెల కూడా అదే 1,500. నేను రెండు రోజులు నాగా పెడితే మాత్రం కోస్తారు. వాళ్లు వారం ఊరికి పోయినా కోస్తారు. 2023 జులైలో నయీంనగర్ నాలా పొంగి రోడ్డు దాటే దారి లేదు, అయినా ఒక ఇంట్లో మూడు రోజుల పైసలు పట్టుకున్నారు.

న్యాయవాది: అది అన్యాయం. ఇంటివాళ్లు ఊరికి వెళ్లడం వాళ్ల అవసరం, ఆమె నాగా కాదు. వారానికి ఒక రోజు జీతంతో సెలవు ఉండాలి. జ్వరమొస్తే జీతం కోయకూడదు.

రిటైర్డ్ టీచర్: మేము మాత్రం ఇంటి మనిషిలాగే చూస్తాం. పండక్కి చీర పెడతాం, పిల్లల ఫీజుకు అడ్వాన్స్ ఇస్తాం.

పనిచేసే మహిళ: మీలాంటోళ్లు పెడతారమ్మా, కాదనను. కానీ బతుకమ్మకు చీర తీసుకున్నాక జీతం పెంచమని అడగడానికి నోరు రాదు. ఒక ఇంట్లో అట్లనే మూడేళ్లు ఊరుకున్నా. ఇంటి మనిషి అంటారు గానీ, నేను కడిగిన బాత్రూమ్‌లోకే నన్ను పోనియ్యరు. మధ్యాహ్నం దాకా ఆపుకుంటా.

(కొద్దిసేపు ఎవరూ మాట్లాడలేదు.)

రిటైర్డ్ టీచర్: ఇది నేనెప్పుడూ ఆలోచించలేదు. మా ఇంట్లో వెళ్లొద్దని ఎవరూ అనలేదు, కానీ వెళ్లమని కూడా చెప్పలేదు.

వ్యాఖ్యాత: ఏదైనా ప్రమాదం జరిగితే ఎవరి బాధ్యత?

పనిచేసే మహిళ: ఒకసారి బాత్రూమ్ యాసిడ్ చేతిమీద పడి పొక్కులొచ్చినయి. దవాఖాన ఖర్చు నేనే పెట్టుకున్నా. పైగా పదిరోజులు పని పోయింది.

న్యాయవాది: యాసిడ్ ఇస్తే గ్లౌజులు కూడా ఇవ్వాలి. బ్లీచింగ్ పౌడర్, యాసిడ్ ఎప్పుడూ కలపనివ్వకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపు వేసిన బాత్రూమ్‌లో ప్రాణం మీదికొస్తుంది. మీ ఇంట్లో దెబ్బ తగిలితే వైద్యం మీరే చేయించండి. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. ఆమె బ్యాంకు ఖాతాలో ఆ ఇరవై మీరు వేయలేరా? అసంఘటిత కార్మికులకు కేంద్రం ఇచ్చే ఈ-శ్రమ్ కార్డు లేకపోతే ఒక పూట సెలవిచ్చి మీసేవకు పంపండి. ఇంకోటి, 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టంలో ఇల్లు కూడా పనిచేసే చోటే. ఇంట్లో ఎవరైనా వేధిస్తే జిల్లాలోని స్థానిక కమిటీకి మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయవచ్చు.

వ్యాఖ్యాత: కాజీపేట నుంచి ఒక ఫోన్ ఉంది. చెప్పండమ్మా.

ఫోన్‌లో: మేం మంచిగానే చూసుకున్నాం సార్. మా ఇంట్లో పనిచేసే ఆమె నెల మధ్యలో చెప్పకుండా మానేసింది. అడ్వాన్స్ 2,000 అట్లనే ఉంది. మాది తప్పా?

న్యాయవాది: మీది తప్పని ఎవరూ అనడం లేదు. అడ్వాన్స్ ఇచ్చినప్పుడే నెలకు ఎంత కట్ చేస్తారో రాసుకుంటే ఈ గొడవ రాదు. మానేటప్పుడు నెల ముందు చెప్పాలని కూడా రాసుకోండి.

పనిచేసే మహిళ: నెల ముందు చెప్పమంటే చెప్తామమ్మా. మాకూ అట్లనే చెప్పాలి. నన్ను ఒక ఇంట్లో ఫోన్ చేసి, ‘రేపటి నుంచి రావద్దు’ అన్నారు. పదిహేను రోజుల పైసలకు నాలుగుసార్లు తిరిగా.

ఫోన్‌లో: మా దగ్గర మానేసిన ఆమె కూడా పదిహేను రోజులు పనిచేసింది సార్. ఆ పైసలు పోను ఎంత మిగులుతుందో నేనింకా చూడలేదు.

న్యాయవాది: ముందు అది చూడండమ్మా. ఆమె నెల జీతమెంత?