కడప గోడ మీది క్యాలెండర్‌తో సముద్రపు పోటు లెక్క

(షాట్: ఉప్పుకాలువ గట్టు. బురదలో పాతిన తెల్లటి ప్లాస్టిక్ పైపు. దాని మీద మార్కర్‌తో గీసిన గీతలు. నీళ్లు మెల్లగా ఒక గీతను ముంచుతాయి.)

నమస్తే. ఈ పైపు ఖరీదు ఎనభై రూపాయలు. మొదటి ట్రిప్పులోనే ఇది నా చేతిలో ఉండి ఉంటే, కడప నుంచి మూడున్నర గంటలు బండి నడిపి ఒట్టి చేతులతో తిరిగి వచ్చేవాణ్ణి కాదు.

మాది కడప. మనకు గాలం అంటే చెరువే. లేకపోతే మైలవరం డ్యాం, సోమశిల వెనక నీళ్లు. అక్కడ నీళ్లు రోజుకు నాలుగుసార్లు దిశ మార్చుకోవు. పొద్దున ఎక్కడ కూర్చున్నామో సాయంత్రం కూడా అక్కడే కూర్చోవచ్చు. ఆ అలవాటుతోనే పోయిన మాఘంలో ముగ్గురం బద్వేలు మీదుగా నెల్లూరు వైపు, సముద్రంలో కలిసే ఒక ఉప్పుకాలువకు వెళ్లాం. పండుగప్ప పడుతుందని ఆశ.

ఫోన్‌లో యాప్ చూశాం. పోటు, అంటే సముద్రపు నీళ్లు పూర్తిగా ఎక్కే టైము, 8:50కి అని ఉంది. పోటు అయిపోయి నీళ్లు దిగడం మొదలైతే, పక్క కాలువల్లోంచి చిన్న చేపలు, రొయ్యలు కొట్టుకొస్తాయి, వాటి కోసం పండుగప్ప మొగ దగ్గర, అంటే కాలువ వచ్చి కలిసే చోట, కాచుకుంటుంది. ఇదీ మేం చదువుకున్నది. అందుకని 8:50 నుంచి వేస్తూనే ఉన్నాం. గంట గడిచింది. చేప జాడే లేదు. పది దాటాక విసుగొచ్చి పులిహోర డబ్బా తీశాం.

అప్పుడే వల భుజాన వేసుకుని ఒక పెద్దాయన వచ్చాడు. మా గాలాల వంక చూసి, "నీళ్లు ఇంకా ఎక్కతానే ఉండాయి నాయనా, పాటు దిగనీ" అన్నాడు. నీళ్లు దిగడాన్నే పాటు అంటారు.

(షాట్: నీళ్ల మీద తేలుతున్న ఎండుటాకు. అది లోపలికే పోతోంది.)

నిజమే. ఆకు ఇంకా లోపలికే పోతోంది. యాప్ ప్రకారం పోటు అయిపోయి గంటకు పైనే అయింది, కాలువకు మాత్రం ఆ సంగతి తెలియదు.

యాప్ చెప్పింది అబద్ధమా అంటే, కాదు. అది చెప్పింది రేవు టైము. మన దేశంలో రేవుల పోటుపాట్ల పట్టికను డెహ్రాడూన్‌లోని సర్వే ఆఫ్ ఇండియా ఏటా అచ్చు వేస్తుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్ల వెబ్‌సైట్‌లోనూ ఈ అంచనాలు దొరుకుతాయి. ఆ టైములు సముద్రానికి ఎదురుగా ఉన్న రేవుకు బాగానే సరిపోతాయి. మనం కూర్చున్నది ఇరుకైన మొగ దాటి, మెలికలు తిరిగిన కాలువలో, లోపలెక్కడో. కేసీ కాలువ ఉంది కదా, సుంకేసుల దగ్గర వదిలిన నీళ్లు సుమారు 300 కిలోమీటర్లు నడవాలి కడపకు రావాలంటే. గేటు ఎత్తిన రోజే మన పొలంలో నీళ్లు లేవని ఎవరైనా అలుగుతారా? ఇదీ అంతే. మొగ ఎంత ఇరుకుగా ఉంటే, కాలువ ఎంత లోతు తక్కువైతే, పోటు అంత ఆలస్యం. ఎత్తు కూడా తగ్గుతుంది.

ఆ ఆలస్యం ఎంత? ఏ యాప్‌లోనూ ఉండదు. అక్కడ కూర్చుని కొలుచుకోవలసిందే. ఒక్కసారి కొలిస్తే మళ్లీ మళ్లీ పనికొస్తుంది.

(షాట్: పైపు దగ్గరగా. పక్కన నోటుబుక్కు, పెన్సిలు.)

పైపును పాటు బాగా దిగినప్పుడు కూడా నీళ్లలోనే ఉండేంత లోతులో పాతాలి. రెండు సెంటీమీటర్లకు ఒక గీత. చిన్న అలలకు నీళ్లు పైకీ కిందికీ ఊగుతూ ఉంటాయి, కాబట్టి ఒకే చూపులో అంకె రాసేయకండి. నాలుగైదు ఊపులు చూసి మధ్యలోది రాయండి. ఇరవై నిమిషాలకు ఒకసారి చాలు.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. నీళ్లు అన్నిటికంటే ఎత్తుకు చేరిన క్షణాన్ని కంటితో పట్టుకోవాలని చూస్తారు. పట్టుకోలేరు. పోటు చివర్లో నీళ్లు అరగంట సేపు కదలనట్టే ఉంటాయి. దానికి ఒక ఉపాయం ఉంది. ఒక గీతను ఎంచుకోండి. ఎక్కేటప్పుడు నీళ్లు దాన్ని ఎప్పుడు తాకాయి, దిగేటప్పుడు ఎప్పుడు తాకాయి, ఈ రెండే రాసుకోండి. నా పుస్తకంలో ఉన్నది చూడండి. 64 గీతను ఎక్కేటప్పుడు 10:10కి తాకింది, దిగేటప్పుడు 12:00కి. మధ్యలో గంటా యాభై నిమిషాలు. అందులో సగం 55 నిమిషాలు. అంటే పోటు 11:05కి. ఆ రోజు పట్టికలో రేవు టైము 9:50. తేడా గంటా పావు.

ఈ గంటా పావే మా కాలువ అంకె. మీ కాలువది వేరే ఉంటుంది, మాది తీసుకోకండి. పాటుకు విడిగా కొలవండి. లోతు తక్కువ కాలువల్లో నీళ్లు ఎక్కినంత చురుగ్గా దిగవు, కాబట్టి పాటు ఆలస్యం ఇంకా ఎక్కువ ఉంటుంది. అమావాస్య దగ్గర ఒకసారి, అష్టమి దగ్గర ఒకసారి కొలిస్తే మరీ మంచిది.

(షాట్: కడప ఇంట్లో వంటగది గోడ. తిథుల క్యాలెండర్. పెన్సిలు గుర్తులు.)

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. పోటును నడిపించేది ముఖ్యంగా చంద్రుడు. సూర్యుడి వంతు అందులో సగం కంటే కాస్త తక్కువ. చంద్రుడు ఈరోజు నడినెత్తికి వచ్చిన టైముకు రేపు రాడు, సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటుకూ పోటుకూ మధ్య 12 గంటల 25 నిమిషాలు. చంద్రుడి నడకను రోజూ గోడ మీద అచ్చు వేసి పెట్టుకున్నవాళ్లం మనం. తిథి అంటే అదే కదా!

అమావాస్య నుంచి పౌర్ణమికి 15 తిథులు. ఆలోపు పోటు టైము సరిగ్గా 12 గంటలు జరుగుతుంది. 12 గంటలకు 720 నిమిషాలు, 15తో భాగిస్తే 48. తిథికి 48 నిమిషాలు. లెక్క ఇంతే.

మా కాలువలో అమావాస్య నాడు పోటు ఉదయం 9:45 ప్రాంతంలో వస్తుంది. శుద్ధ పంచమికి ఐదు నలభై ఎనిమిదులు 240 నిమిషాలు, అంటే నాలుగు గంటలు. పోటు మధ్యాహ్నం 1:45కి. రెండోది దానికి 12 గంటల 25 నిమిషాల ముందు, అర్ధరాత్రి దాటాక 1:20కి. పౌర్ణమి దాటాక మళ్లీ బహుళ పాడ్యమి నుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టండి. బహుళ పంచమికి కూడా అదే 1:45. మా అమ్మ ఏకాదశి కోసం చూసే క్యాలెండర్‌లోనే నేను గాలం కోసం చూస్తున్నా. ఆమెకు ఇది అంతగా నచ్చలేదు.

నిమిషాల వరకు కచ్చితం అని మాత్రం అనుకోకండి. అమావాస్య, పౌర్ణమి చుట్టూ రోజుకు జరిగేది 50 నిమిషాల కంటే తక్కువ, అష్టమి చుట్టూ గంట దాటుతుంది. అందుకని పంచమి ప్రాంతంలో పోటు మన లెక్క కంటే ముందే వస్తుంది, ఏకాదశి దగ్గర వెనకబడుతుంది. అరగంట, ముప్పావు గంట అటూ ఇటూ చూసుకోండి. పట్టిక చేతిలో ఉంటే రేవు టైముకు మీ ఆలస్యం కలుపుకోవడమే మేలు. సిగ్నల్ లేని చోట, లేదా నెల ముందే సెలవు పెట్టాల్సి వచ్చినప్పుడు తిథి లెక్క.

తిథి ఇంకో మాట కూడా చెబుతుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు పోటు పెద్దది, నీళ్ల లాగుడు బలంగా ఉంటుంది. అష్టమి, నవమి దాటాక నీరసం. చెన్నై వైపు తీరంలో పెద్ద పోటుకు కూడా నీళ్లు లేచేది సుమారు ఒక మీటరే. ఉత్తరాన హుగ్లీ నది మొగ దగ్గర దీనికి ఎన్నో రెట్లు లేస్తాయి. మీటరే కదా అని తేలిగ్గా తీసుకుంటే మాత్రం, మీరు నడిచి వెళ్లిన బురద దారి వెనక్కి వచ్చేటప్పుడు ఉండదు.

ఆ మీటరు ఆరు గంటల్లో సమానంగా దిగదు. మొదటి గంటలో పన్నెండో వంతు, రెండో గంటలో దానికి రెట్టింపు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి వంతులు, తర్వాత మళ్లీ రెండు, ఒకటి. మొదటి గంట నీళ్లు దిగుతున్నట్టే ఉండదు. అప్పుడు లేచి వెళ్లిపోకండి. పులిహోర కూడా తినకండి.

గాలి, వాన ఈ లెక్కను చెడగొడతాయి. సముద్రం మీద గాలి పీడనం ఒక మిల్లీబార్ తగ్గితే నీళ్లు సుమారు ఒక సెంటీమీటరు లేస్తాయి. అక్టోబరు, నవంబరులో బంగాళాఖాతం మట్టమే ఎత్తుగా ఉంటుంది. వాయుగుండం కబురు వినపడితే లెక్కలు వద్దు, ప్రయాణమే వద్దు. ఇసుక మేట వేసి మొగ మూసుకుపోయినా, వరదకు కొత్తగా తెగినా, మీ పాత అంకె పనికిరాదు. పైపు మళ్లీ పాతాల్సిందే.

(షాట్: బండి డిక్కీలో పైపు, గాలాలు, నీళ్ల క్యాను.)

వచ్చే శనివారం విదియ. రెండు నలభై ఎనిమిదులు 96 నిమిషాలు, 9:45కి కలిపితే 11:21. నీళ్లు తిరిగేది ఆ ప్రాంతంలో, గాలం నడిచేది దాదాపు రెండున్నర వరకు. తెల్లవారి ఆరింటికి కడపలో బయలుదేరి, బద్వేలులో టీ తాగి వెళ్లినా పైపు పాతడానికి టైము మిగులుతుంది. పెద్దాయన కనిపిస్తే ఈ పుస్తకం చూపించాలి.