641 ఎక్కడి నుంచి వచ్చింది?

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దల పేర్లు వరసగా చదవమని నాకో కాగితం ఇచ్చారు. అవి చదువుతూ కూర్చుంటే నా సంఖ్యకు టైము మిగలదు. పెద్దలు మన్నించాలి.

ఆ సంఖ్య ఇది: 4294967297. ముప్పై రెండు 2లను గుణించి, ఒకటి కలిపితే వస్తుంది.

2కి 1, 2, 4, 8, 16 ఘాతాలు వేసి, ప్రతిదానికీ ఒకటి కలపండి. 3, 5, 17, 257, 65537 వస్తాయి. ఐదూ ప్రధాన సంఖ్యలే. ఎంత దూరం వెళ్లినా ఇంతేనని 1640లో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా నమ్మాడు, రుజువు మాత్రం దొరకలేదన్నాడు. తర్వాతి ఘాతం 32, అంటే మన సంఖ్య. 1732లో పాతికేళ్ల స్విస్ గణితవేత్త ఆయిలర్ దాన్ని విరగ్గొట్టాడు: 641 ఇంటూ 6700417. ఫెర్మా ఊహ అక్కడితో సరి.

ఇక్కడ నా గోడు ఒకటి చెప్పుకోవాలి. ఒకప్పుడు పిల్లల కోసం ఈ సంఖ్య మీద పాఠం రాసిచ్చాను. అచ్చయి వచ్చాక చూస్తే రుజువు లేదు! "641తో భాగించబడును" అన్న ఒక్క వాక్యం ఉంచారు. అడిగితే, పిల్లలకు టెన్షన్ అన్నారు. ఏం టెన్షనండీ? 641 ఆకాశం నుంచి ఊడిపడిందని చెబితే కదా టెన్షన్!

ఊడిపడలేదు. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 64 గుణిజానికి ఒకటి ఎక్కువే అయి ఉండాలని ఆయిలరే తర్వాత నిరూపించాడు. ఆ లెక్కన వెతకండి: 193, 257, 449, 577, 641. ఐదో భాగహారానికే దొరికిపోతుంది. వెనక వరసలో బాబూ, ఆ సెల్‌ఫోన్ కాస్త పక్కన పెట్టు. అసలు భాగహారమే అక్కర్లేదు, చూడు.

640 అంటే 5 ఇంటూ 128. 128 అంటే ఏడు 2లు. 641తో భాగించే లెక్కలో 641 అంటే శేషం సున్నా, కాబట్టి 640, మైనస్ ఒకటి, రెండూ ఒకటే. అలాంటివి నాలుగు తీసుకుని గుణిస్తే ప్లస్ ఒకటి. అటు నాలుగు 5లు, ఇరవై ఎనిమిది 2లు అయ్యాయి. నాలుగు 5ల లబ్ధం 625. 641లో 625 తీస్తే 16, కాబట్టి 625 బదులు మైనస్ 16 రాయొచ్చు. 16 అంటే నాలుగు 2లు. ఇరవై ఎనిమిదీ నాలుగూ కలిపితే ముప్పై రెండు! ముప్పై రెండు 2ల లబ్ధానికి మైనస్ పెడితే ఒకటితో సమానం, అంటే ఆ లబ్ధానికి ఒకటి కలిపితే శేషం సున్నా.

ఇంతే. ఆ పాఠంలోంచి కోసేసింది ఈ ఆరేడు లైన్లనే.

అధ్యక్షులవారు చీటీ పంపారు, అయిపోయింది. 6700417 కూడా ప్రధాన సంఖ్యే. దాని వర్గమూలం 2588 చిల్లర, విరిగితే ఒక ముక్కైనా అంతకు మించదు. అది విరిగినా 64 గుణిజానికి ఒకటి ఎక్కువైన ముక్కలే రావాలి. 641కి ముందు మనం చూసిన నాలుగూ పోయాయి కాబట్టి, 641 నుంచి 2561 దాకా అలాంటివి ముప్పై ఒకటే మిగిలాయి. వాటిలో సగానికి పైగా ప్రధాన సంఖ్యలే కావు. బోర్డు తుడవకండి, టీ విరామంలో ఎవరైనా నాతో కూర్చుంటే పూర్తి చేద్దాం.