పిల్లికి పెరుగన్నం చాలదు

అందరికీ నమస్కారం.

తిరుపతిలో పశువుల డాక్టరుగా పనిచేసేవాళ్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "మా ఇంట్లో గుడ్డు కూడా వండం డాక్టరుగారూ, పిల్లికి పెరుగన్నం పెడితే సరిపోదా?" అడిగేవాళ్లకు ప్రేమ లేదని కాదు. తాము తినేముందు దానికి ముద్ద తీసిపెట్టేవాళ్లే. అయినా సరిపోదనే చెప్పాలి.

ఈసారి పెరుగన్నం పెట్టి పక్కనే కూర్చుని చూడండి. పైనున్న పెరుగంతా నాకేస్తుంది, మెతుకులు గిన్నె అంచుకు చేరతాయి. కొంత మింగినా అది ఆకలి బాధకే. దాని దవడ పళ్లు కత్తెరలా కోస్తాయే తప్ప రుబ్బలేవు. పిండిపదార్థాన్ని కరిగించే అమైలేజ్ దాని లాలాజలంలో లేదు. తీపి కూడా తెలియదు. తీపిని గుర్తించే జన్యువు పిల్లి జాతిలో పనిచేయదని 2005లో తేలింది. మీ పిల్లి లడ్డూ దగ్గరికి వచ్చిందంటే నెయ్యి వాసనకే వచ్చిందనుకోండి.

అసలు చిక్కు టారిన్ దగ్గరుంది. మాంసంలో దొరికే, గుండెకూ కంటికీ కావలసిన పదార్థమిది. కుక్కలు చాలావరకు ఒంట్లోనే తయారుచేసుకుంటాయి, పిల్లికి ఆ శక్తి చాలా తక్కువ. బియ్యంలో, పప్పులో అది లేదు, పెరుగులో ఉన్నది లెక్కలోకి రాదు. టారిన్ తగ్గితే కంటి లోపలి పొర రెటీనా దెబ్బతింటుందని 1975లోనే తెలిసింది. 1987లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంకో సంగతి బయటపెట్టారు. అప్పటి రెడీమేడ్ మేత తిన్న పిల్లుల్లోనే టారిన్ చాలక గుండె సాగి బలహీనపడుతోంది, టారిన్ ఇస్తే తేరుకుంటోంది. ఆ తర్వాతే కంపెనీలు మేతలో టారిన్ పెంచాయి. కుక్క మేత పిల్లికి పనికిరాదనడానికి ఇదొక కారణం. విటమిన్ ఎ సంగతీ అంతే. క్యారెట్ నుంచి మనం తయారుచేసుకుంటాం, పిల్లి చేసుకోలేదు.

మరి స్వామివారికి తైలమిచ్చే పునుగు పిల్లి పండ్లు తింటుంది కదా అంటారు. అది వేరే కుటుంబం, ఎలుకనూ తింటుంది, పండునూ తింటుంది. దాన్ని చూసి మన ఇంటి పిల్లికి అరటిపండు పెట్టకండి.

పాల గురించి ఉమ్మడి చిత్తూరు జిల్లాలో మాట్లాడటం కొంచెం ధైర్యమే. పిల్లి కళ్లు మూసుకుని తాగుతుంది, నిజమే. కానీ పెద్దయ్యాక చాలా పిల్లులకు పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, అరగదు, విరేచనాలవుతాయి.

ఇక మాంసాహారం వండే ఇళ్లలో జరిగే పొరపాటు వేరు. మిగిలిన కోడి పులుసు అన్నంలో కలిపి పెడతారు. అందులోని ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. ఉడికిన ఎముక ముక్కలై పేగుల్లో గుచ్చుకుంటుంది. పచ్చి చేప రోజూ పెడితే, కొన్ని రకాల చేపల్లో విటమిన్ బి1ను నాశనం చేసే ఎంజైమ్ ఉంటుంది, పిల్లి మెడ వాలిపోతుంది.

వండి పెట్టాలనుకుంటే చికెన్, కందనకాయ, గుండెకాయ ఉప్పు కారం లేకుండా ఉడకబెట్టండి. ఉడికిన నీళ్లు పారబోయకండి, టారిన్ అందులోకే దిగుతుంది. కార్జం వారానికోసారి చిన్న ముక్క చాలు, ఎక్కువైతే విటమిన్ ఎ పేరుకుని మెడ ఎముకలు బిగుసుకుపోతాయి. అయితే ఉత్త చికెన్ మీదే పిల్లి కూనలను పెంచకండి. ఎలుకను తిన్నప్పుడు ఎముకల కాల్షియం అందుతుంది, మెత్తటి ముక్కలో అది లేదు. అందుకే ప్యాకెట్ మీద పిల్లికి సంపూర్ణ ఆహారమని రాసున్న మేతే ఆధారం కావాలి, చికెన్ పైన కొసరు. శాకాహారుల ఇళ్లకు ఇదే సులువు కూడా. ఆ ప్యాకెట్ వంటింట్లోకి రానక్కర్లేదు, వరండాలో ఒక డబ్బా, ఒక గిన్నె ఉంటే చాలు, మీ మడికేం భంగం రాదు.

పొడి మేత పెట్టేవాళ్లు నీళ్లు మరిచిపోకూడదు. పిల్లి ఎడారి ప్రాంతపు జీవి, దాహం తక్కువ. ఎలుకలో దాదాపు 70 శాతం నీరే, పొడి మేతలో 10 శాతం. మే నెల ఎండలకు ఇది చాలదు. వెడల్పాటి గిన్నెలో, మేతకు దూరంగా నీళ్లుంచండి. గండుపిల్లి పదేపదే ముక్కుతూ మూత్రం రాక తిరుగుతుంటే మలబద్ధకమనుకుని ఇంట్లో కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మేత మార్చేటప్పుడు పాతదానిలో కొద్దికొద్దిగా కొత్తది కలుపుతూ వారం, పది రోజులు తీసుకోండి. "ఆకలేస్తే అదే తింటుందిలే" అని పస్తు పెట్టే పద్ధతి పిల్లి దగ్గర ప్రమాదం. ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కొవ్వు కాలేయంలో చేరి ప్రాణం మీదికొస్తుంది. ఒక రోజంతా మేత ముట్టకపోయినా చాలు, ఆగకుండా మన వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకురండి.