చెంప గీకితే కనబడే చుక్క

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు పెద్దవాళ్లకి అడ్డపొగ అంటే వేరే చెప్పక్కర్లేదు. చుట్ట వెలిగించి కాలే కొస నోట్లో పెట్టుకుని పీల్చడం, ఎక్కువగా ఆడవాళ్లే, మా నాయనమ్మ అయితే చుట్ట నోట్లో అలాగే ఉంచి చేపలు తోమేసేది, మధ్యలో మమ్మల్ని తిట్టేసేది కూడా. ఆ వేడీ పొగా తిన్నగా అంగిలికే కొడతాయి, అందుకే అక్కడ అంగిలి క్యాన్సర్ ఎక్కువ కనబడేది. మరి అంతదాకా రాకముందే కణాల్లో ఏమవుతోందో తెలుస్తుందా అంటే కొంత తెలుస్తుంది, దాని పేరే మైక్రోన్యూక్లియస్.

కణం రెండయ్యేటప్పుడు సన్నటి దారాల్లాంటివి క్రోమోజోముల్ని చెరో పక్కకి లాగుతాయి. ఏదన్నా క్రోమోజోము విరిగిందనుకోండి, తెగిన ముక్కలో దారానికి పట్టు దొరకదు, అది వెనకబడిపోతుంది, ఒక్కోసారి మొత్తం క్రోమోజోమే వెనకబడొచ్చు. దాని చుట్టూ విడిగా పొర కట్టేసి, అసలు న్యూక్లియస్ పక్కనే ఇంకో బుల్లిది తయారవుతుంది. మైక్రోస్కోపులో రేగుపండు పక్కన ఆవగింజలా ఉంటుంది.

దీన్ని చూడ్డానికి సూది గుచ్చేది లేదు. నోరు పుక్కిలించాక చెక్క పుల్లతో చెంప లోపల గీకి, స్లైడ్ మీద పూసి రంగు వేస్తారు, అంతే. లెక్కపెట్టేవాళ్లకే దండం పెట్టాలి, మనిషికి వెయ్యి, రెండు వేల కణాలు చూడాలి, రంగు మరకని చూసి మోసపోకూడదు. ఇంకో తమాషా, అడుగు పొరలో పుట్టిన కణం పైకి తేలడానికి 1 నుంచి 3 వారాలు పడుతుంది, అంటే ఇవాళ గీకింది అప్పటి సంగతి చెప్తుందన్నమాట.

ఒడిశాలో అడ్డపొగ తాగేవాళ్లనీ ఖైనీ పెట్టుకునేవాళ్లనీ ఇలాగే చూశారు, 1992లో వచ్చింది ఆ పేపరు. నోరంతా ఒకేలా లేదు, సరుకు తగిలే చోటే ఈ ఆవగింజలు పెరిగాయి.

ఒకటీ అరా మాత్రం అందరికీ ఉంటాయి. వయసు పెరిగినా, ఫోలేట్ అనే విటమిన్ తగ్గినా పెరుగుతాయి. నాలుగు కనబడ్డాయని క్యాన్సర్ అనేసుకోకండి, ఇది ఒక గుంపుని ఇంకో గుంపుతో పోల్చుకునే లెక్క. నోట్లో మానని పుండో తెల్ల మచ్చో ఉంటే మాత్రం ఈ లెక్కతో పని లేదు, డాక్టరు చూడాల్సిందే, అవసరమైతే బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి పరీక్షించడం. నాయనమ్మ అంగిలి మీదా ఒక తెల్ల మచ్చ ఉండేది. ఏంటే అది అంటే, ఆకులో సున్నం ఎక్కువై పొక్కిందిలే అనేది.