తర్వాత అప్‌గ్రేడ్ చేసుకునేలా పీసీ: సీటీసీకి వెళ్లే ముందు ఇది చూడండి

[విజువల్: సికింద్రాబాద్ పార్క్‌లేన్, చెనాయ్ ట్రేడ్ సెంటర్ ముందు రద్దీ]

పీసీ బిల్డ్ అనగానే హైదరాబాద్‌లో అందరం వచ్చేది ఇక్కడికే, కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే సీటీసీకి. మెట్లెక్కుతుంటేనే "ఏం కావాలన్నా, గేమింగ్ పీసీయా?" అని అడుగుతారు. బడ్జెట్ చెప్పగానే కొటేషన్ చేతిలో పెడతారు. అందులో గ్రాఫిక్స్ కార్డు పేరు ఘనంగా ఉంటుంది. కిందికి వస్తే మదర్‌బోర్డుకి మోడల్ నంబర్ ఉండదు, పవర్ సప్లైకి వాట్లు తప్ప కంపెనీ పేరుండదు. నేనైతే కొటేషన్‌ని కింద నుంచి పైకి చదువుతాను. ర్యామ్, ఎస్ఎస్‌డీ, కార్డు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. బోర్డు మార్చాలంటే మాత్రం పీసీ మొత్తం విప్పాలి.

[స్క్రీన్ మీద: ఏఎం4, ఏఎం5 సాకెట్లు పక్కపక్కన]

అందుకే ముందు సాకెట్ చూడండి, అంటే బోర్డులో ప్రాసెసర్ కూర్చునే చోటు. ఏఎండీ వాళ్ల ఏఎం4 సాకెట్ 2016లో వచ్చింది. 2017లో ఏఎండీ మొదటి రైజెన్ ప్రాసెసర్ కొన్నవాళ్లలో చాలామంది బయాస్ (బోర్డులో ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకుని, 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ ప్రాసెసర్‌ని అదే బోర్డులో పెట్టుకున్నారు. ఇంటెల్ 12, 13, 14 తరాల ప్రాసెసర్లకు ఎల్‌జీఏ 1700 సాకెట్ వాడి, కోర్ అల్ట్రా 200 దగ్గర ఎల్‌జీఏ 1851కి మారిపోయింది. ఇంటెల్ ప్రాసెసర్లు బాగోవని కాదు. పాత బోర్డులో కొత్త ప్రాసెసర్ పెట్టుకునే దారి అక్కడ త్వరగా మూసుకుపోతుంది, అంతే.

ఇవాళ కొత్తగా కొంటుంటే నా ఓటు ఏఎం5కే. 2022లో వచ్చింది, కనీసం 2027 వరకు సపోర్ట్ ఉంటుందని ఏఎండీయే చెప్పింది. బీ650 బోర్డు చాలు. ఖరీదైన ఎక్స్ సిరీస్ బోర్డుల మీద పెట్టే అదనపు డబ్బు చాలామందికి అక్కరకు రాదు.

చిక్కంతా ర్యామ్‌తోనే. ఏఎం5లో డీడీఆర్5 రకం ర్యామ్ తప్ప ఇంకోటి పట్టదు. ఏఐ డేటా సెంటర్ల పుణ్యమా అని 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. గ్రాఫిక్స్ కార్డు పెట్టి గేములు ఆడుకునేవాళ్లయితే ఇప్పుడు ఒక్క 16 జీబీ ర్యామ్ స్టిక్ కొనండి, రేటు దిగాక అదే మోడల్ ఇంకోటి కలపండి. కొంచెం స్పీడ్ తగ్గుతుంది, తట్టుకోవచ్చు. కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మీదే గేములు ఆడాలనుకుంటే మాత్రం మొదటి రోజు నుంచే రెండు స్టిక్కులు ఉండాలి, లేకపోతే ఫ్రేములు బాగా పడిపోయి గేము తడబడుతుంది. ఇంట్లో పాత రకం డీడీఆర్4 ర్యామ్ స్టిక్కులు ఉన్నాయా? అప్పుడు లెక్క వేరు. ఏఎం4 బోర్డు, రైజెన్ 5 5600 తీసుకోండి. ఆ సాకెట్‌లో ముందుకు వెళ్లే దారి తక్కువ, కానీ చేతిలో డబ్బు మిగులుతుంది.

[విజువల్: పవర్ సప్లై స్టిక్కర్ క్లోజప్]

"క్యాబినెట్‌తో పాటు ఎస్ఎంపీఎస్ (అంటే పవర్ సప్లై) ఫ్రీ" అన్నారంటే దండం పెట్టి ముందుకు కదలండి. 80 ప్లస్ గోల్డ్ అనేది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పే గుర్తు. నాణ్యత మొత్తానికి అది సర్టిఫికెట్ కాదు, వారంటీ ఎన్నేళ్లో కూడా అడగండి. ఇప్పుడు 450 వాట్లు సరిపోతున్నా మంచి కంపెనీ 650 తీసుకోండి, రేపు కార్డు వేసుకునేటప్పుడు మళ్లీ వెతుక్కోనక్కర్లేదు. ఒకవేళ మాడ్యులర్ సప్లై (కేబుళ్లు విడిగా ఊడొచ్చేది) మార్చాల్సి వస్తే పాత కేబుళ్లను కొత్తదానికి తగిలించకండి. ప్లగ్ పట్టినా లోపల పిన్నుల వరస వేరే ఉండొచ్చు, డ్రైవులు కాలిపోతాయి.

అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోడింగ్ నేర్చుకునేవాళ్లకు మొదట్లో కార్డే అక్కర్లేదు. రైజెన్ 5 7600లో చిన్న గ్రాఫిక్స్ ఉంటుంది, డిస్‌ప్లేకి, వీడియోలకి చాలు. 7500ఎఫ్‌లో ఉండదు. ఆ చివరి ఎఫ్ చూసుకోకుండా కొంటే, కార్డు వచ్చేదాకా మానిటర్ వెలగదు.

క్యాబినెట్ ముందు భాగం జాలీదై ఉండాలి. మే నెలలో మన దగ్గర 40 డిగ్రీలు దాటుతుంది, గాజు పలక వెనక ఫ్యాన్లు ఎంత తిరిగినా గాలి లాగలేవు. రంగు లైట్లు మీ ఇష్టం.

[స్క్రీన్ మీద: జీఎస్టీ బిల్లు నమూనా]

ఇక బిల్లు. "జీఎస్టీ లేకుండా తగ్గిస్తా" అంటే ఒప్పుకోకండి, వారంటీకి వెళ్లినప్పుడు ఆ బిల్లే అడుగుతారు. ప్రతి పార్టు సీరియల్ నంబరు అందులో రాయించుకోండి. ప్రాసెసర్ బాక్స్‌లో ఇస్తున్నారా, కంపెనీ బాక్స్ లేకుండా విడిగా ఇచ్చే ట్రేనా అని ముందే తేల్చుకోండి. ట్రే చవక, కానీ దాని వారంటీ సాధారణంగా షాపు మాట మీదే ఉంటుంది.