కేస్ గేజ్ రివ్యూ: రీలోడ్ చేసిన రౌండ్ చాంబర్‌లో ఎందుకు ఇరుక్కుంటుంది?

అందరికీ నమస్కారం. విశాఖపట్నం, గాజువాక ఆటోనగర్ నుంచి మాట్లాడుతున్నాను. మామూలుగా ఇక్కడ వెర్నియర్లు, ప్లగ్ గేజ్‌ల లాంటి కొలత పనిముట్ల గురించి చెప్పుకుంటాం కదా, ఇవాళ టేబుల్ మీద ఉన్నది వేరే సరుకు. 9 ఎంఎం పిస్టల్ రౌండ్లు (తూటాలు) సరైన సైజులో ఉన్నాయో లేదో రంధ్రంలో వేసి చెక్ చేసే కేస్ గేజ్. టెక్సస్‌లో ఉండే మా బావ సెలవులకు వచ్చినప్పుడు నా కోసం తెచ్చాడు. అక్కడ షూటర్లు పేల్చిన ఇత్తడి కేసులనే (తూటా గుల్లలనే) మళ్లీ నింపి వాడుకుంటారు.

ముందే ఒక మాట చెప్పాలి. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. పైగా 9 ఎంఎం పిస్టల్ నిషిద్ధ బోరు, అంటే సాధారణంగా సామాన్యులకు అనుమతి లేని సైజు. అందుకే నా దగ్గర గేజ్ ఒక్కటే ఉంది, రౌండ్లు లేవు. రౌండ్లు కనిపించే క్లిప్పులన్నీ బావ అక్కడ తీసి పంపినవి.

సమస్య ఏంటంటే, రీలోడ్ చేసిన రౌండ్ చాంబర్‌లోకి, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదిలోకి, దాదాపు పూర్తిగా వెళ్లి, చివర్లో ఆగిపోతుంది. స్లయిడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ కదిలే భాగం) మూసుకోదు. పేలినప్పుడు కేసు చాంబర్ నిండా ఉబ్బుతుంది. సైజింగ్ డై అనే అచ్చు దాన్ని మళ్లీ నొక్కి సన్నం చేస్తుంది గానీ, కేసు అడుగును పట్టుకునే షెల్ హోల్డర్ అడ్డం ఉండటం వల్ల అడుగున కొద్ది భాగాన్ని అందుకోలేదు. ఆ ఉబ్బు అలాగే ఉండిపోతుంది. ఇక రెండోది, బుల్లెట్, అంటే తూటాలో ఎగిరి వెళ్లే ముక్క, కూర్చోవడానికి కేసు మూతిని కొంచెం వెడల్పు చేస్తారు. తర్వాత క్రింప్ డైతో దాన్ని తిన్నగా చేయాలి. అది సరిగా చేయకపోతే మూతి దగ్గర పట్టేస్తుంది.

ఇప్పుడు ఈ క్లిప్ దగ్గరగా చూడండి. బావ రౌండ్ మొత్తానికి నల్ల మార్కర్ పూసి గేజ్‌లో వేశాడు. చివరిదాకా దిగలేదు, అంచు పైకే ఉంది. బయటికి తీశాడు. రిమ్‌కి (కేసు అడుగు అంచుకి) కాస్త పైన ఇంకు చెరిగిపోయి, ఇత్తడి ఉంగరంలా మెరుస్తోంది చూశారా? అంటే తప్పు అడుగున ఉంది. సైజింగ్ డైని షెల్ హోల్డర్‌కి తగిలేదాకా దించాలి. అదే ఇంకు మూతి దగ్గర చెరిగితే క్రింప్ సంగతి చూడాలి. నాకు ఈ గేజ్ కన్నా ఈ మార్కర్ పద్ధతే ఎక్కువ నచ్చింది. దిగిందా లేదా అన్నది గేజ్ చెబుతుంది, ఎక్కడ పట్టేసిందో ఇంకు చెబుతుంది.

క్రింప్ విషయంలో జాగ్రత్త. 9 ఎంఎం రౌండ్ చాంబర్‌లో ఆనేది కేసు మూతి మీదే. మూతి దగ్గర గరిష్ఠ వ్యాసం 9.65 ఎంఎం. దాన్ని మరీ లోపలికి నొక్కేస్తే ఆ ఆధారమే పోతుంది, బుల్లెట్ మీద పట్టు కూడా సడలొచ్చు. బుల్లెట్ లోపలికి జారితే ప్రెషర్ పెరుగుతుంది. అది చాలా ప్రమాదం.

ఇక లోపాలు. మన భాషలో చెప్పాలంటే ఇది ‘గో’ గేజ్ (పెద్దదైతే ఆపేది), ‘నో-గో’ (మరీ చిన్నదైతే పట్టుకునేది) లేదు. కేసు పొట్టిగా ఉన్నా, సన్నగా ఉన్నా హాయిగా దిగిపోతుంది. అందుకని వెర్నియర్ పక్కన ఉండాల్సిందే. కేసు పొడవు 19.15 ఎంఎం దాటకూడదు. రెండో లోపం ఇంకా ముఖ్యం. ఈ రంధ్రంలో లైట్ వేసి చూపిస్తున్నాను, నున్నగా ఉంది, బ్యారెల్ లోపల బుల్లెట్‌ను తిప్పే రైఫ్లింగ్ గాడులు ఇందులో లేవు. బుల్లెట్ పొడవుగా కూర్చుని మీ బ్యారెల్ గాడులకు తగులుతున్నా ఈ గేజ్ పట్టుకోలేదు. రౌండ్ మొత్తం పొడవుకు 29.69 ఎంఎం గరిష్ఠం అని ఉన్నా, బుల్లెట్ ముక్కు ఆకారాన్ని బట్టి కొన్ని బ్యారెళ్లకు ఇంకా తగ్గించాలి.

కాబట్టి చివరి తీర్పు మీ బ్యారెల్‌దే. పిస్టల్ ఖాళీ చేసి, బ్యారెల్ విప్పి బయటికి తీసి, అందులో రౌండ్ వేయండి. టక్ మని దిగాలి, వేలితో తిప్పితే తిరగాలి, తలకిందులు చేస్తే దానంతట అదే జారిపడాలి. రిమ్ మీద చిన్న గాటు ఉన్న రౌండ్ గేజ్‌లో ఫెయిలై, బ్యారెల్‌లో మాత్రం సాఫీగా దిగడం మామూలే.

కొనాలా అంటే, నా మాట కొనమనే. పోటీలకు వెళ్లేవాళ్లకు వంద రంధ్రాల బ్లాక్ పనికొస్తుంది, మిగతావాళ్లకు ఒక్క రంధ్రంది చాలు. స్టెయిన్‌లెస్ తీసుకోండి. మన సముద్రపు గాలికి మామూలు స్టీల్ గేజ్‌లు ఎంత త్వరగా తుప్పు పడతాయో వైజాగ్‌లో ఏ మెషిన్ షాపులో అడిగినా చెబుతారు. డైలో కేసు జారడానికి రాసే నూనె (డై లూబ్) రంధ్రంలో మిగిలితే రీడింగ్ తప్పుతుంది, పొడి గుడ్డతో తుడిచాకే వాడండి.

గేజ్‌లోనూ బ్యారెల్‌లోనూ ఫెయిలైన రౌండ్‌ని వేరే డబ్బాలో పెట్టి, బుల్లెట్ పుల్లర్‌తో విప్పేయండి. స్లయిడ్ వెనక అరచేత్తో కొట్టి బలవంతంగా మూయొద్దు.