మిర్చి సీజన్ మొత్తం పోస్ట్‌గ్రెస్‌నే క్యూగా వాడి చూసిన

నమస్తే అందరికీ, వరంగల్ నుంచి మాట్లాడుతున్న. ఇయ్యాల రివ్యూ ఫోనుది కాదు. మెసేజ్ క్యూ, అంటే పంపాల్సిన మెసేజ్‌లను వరుసల పెట్టే జాగ. దానికోసం రాబిట్‌ఎంక్యూ అనే సాఫ్ట్‌వేర్ వేరేగ పెట్టాల్నా, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లనే ఒక టేబుల్ సరిపోతదా, గదీ ముచ్చట.

ముందుగాల నా తప్పు చెప్త. ఎనుమాముల మార్కెట్ల ఒక అడ్తి దుకాణానికి సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన. కాంటా అయినంక తక్‌పట్టీ (అమ్మిన సరుకు లెక్క చీటీ) డేటాబేస్‌ల ఎక్కాలె, రైతు ఫోనుకు మెసేజ్ పోవాలె. కమిట్ అంటే డేటాబేస్‌ల రాసింది పక్కా అయ్యుడు. నేను అది కాకముందే మెసేజ్‌ని క్యూల ఏసిన. ఓనాడు కమిట్ ఫెయిలైంది. రోల్‌బ్యాక్‌ల, అంటే రాసింది వెనక్కి తీసుకునుట్ల, తక్‌పట్టీ పోయింది, క్యూల పడ్డది వెనక్కి రాదు గదా! రైతు ఫోన్ పట్టుకొని వచ్చిండు, "మెసేజ్ ఇగో, పట్టీ ఏది బిడ్డా?" అని. సరే అని వరుస మార్చిన, ముందు కమిట్, తర్వాత మెసేజ్. నడుమ కరెంటు పోయింది. ఈసారి పట్టీ ఉన్నది, మెసేజ్ లేదు. ఎట్ల తిప్పినా సందు ఉంటనే ఉంటది.

దీనికి టూ ఫేజ్ కమిట్ అని పాత మందు ఉన్నది. ముందు డేటాబేస్, క్యూ అందర్నీ "తయారేనా?" అని అడుగుడు, అందరు ఊ అంటేనే కమిట్. 1991ల ఎక్స్‌ఏ అని స్టాండర్డ్ కూడ వచ్చింది. కానీ ఊ అన్నంక అడిగినోడే పడిపోతే? డేటాబేస్ లాకులు (వేరేటోళ్లు ఆ వరుసలు మార్చకుండ ఏసే తాళాలు) పట్టుకొని అట్లనే కూసుంటది. పోస్ట్‌గ్రెస్‌ని రీస్టార్ట్ చేసినా ఊ అని ఆగిన ఆ ప్రిపేర్డ్ ట్రాన్సాక్షన్ పోదు. అందుకే వాటి లిమిట్ డిఫాల్ట్‌గ 0 ఉంటది. ఇగ రాబిట్‌ఎంక్యూకు ఎక్స్‌ఏనే లేదు, కథ కంచికి.

ఆఖరికి "పంపాల్సినవి" అని అదే డేటాబేస్‌ల టేబుల్ పెట్టిన. పట్టీ, మెసేజ్ రెండూ ఒకటే కమిట్‌ల. ఎక్కితే రెండూ ఎక్కుతయి, లేకుంటే ఏదీ ఎక్కదు. వర్కర్లు, అంటే మెసేజ్ పంపే ప్రోగ్రాములు, వాటిని స్కిప్ లాక్డ్‌తోని తీసుకుంటయి, ఇది 2016ల పోస్ట్‌గ్రెస్ 9.5 వెర్షన్‌తోని వచ్చింది. హమాలీలను చూడుండ్రి, ఒకలు చెయ్యేసిన బస్తా కాడ ఇంకొకలు నిలవడరు, పక్క బస్తా ఎత్తుకుంటరు. అచ్చం అట్లనే.

నాలుగు వర్కర్లు పెట్టి, ఒకదాన్ని కావాల్నని కిల్ చేసిన. ఒక్క మెసేజ్ కూడ తప్పిపోలే. కానీ ఒక మెసేజ్ రైతుకు రెండుసార్లు చేరింది! ఎస్సెమ్మెస్ పోయినంక, "అయిపోయింది" అని కమిట్ కాకముందే వర్కర్ సచ్చింది మరి. మెసేజ్ రెండుసార్లొస్తే రైతు తిట్టుకుంటడు, అంతే. పైసలు జమ చేసే పనైతే పట్టీ నంబర్ మీద యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే నంబర్ రెండోసారి ఎక్కకుండ అడ్డు) ఏసుడు తప్పదు. రాబిట్‌ఎంక్యూ పెట్టినా ఈ బాధ తప్పేది కాదు.

నచ్చనిది ఒకటున్నది. పంపిన వరుసలు డిలీట్ చేసినా టేబుల్ల చచ్చిన వరుసలు పేరుకపోతయి, వాటిని ఊడ్చే ఆటోవాక్యూమ్‌ని గట్టిగ తిప్పాలె. ఎస్సెమ్మెస్ గేట్‌వే జవాబు కోసం ట్రాన్సాక్షన్ తెరిచి పెట్టుకుంటే ఇంకా ఘోరం.

ఒకటే మెసేజ్ ఐదారు యాప్‌లు చదివేది ఉంటే మెసేజ్‌లకే ఉన్న కాఫ్కా అనే సాఫ్ట్‌వేర్ దిక్కు పోండ్రి. ఒక్క దుకాణానికైతే ఈ టేబులే నా ఓటు. క్వెరీ స్క్రీన్ మీద పెట్టిన, వీడియో ఆపి రాసుకోండ్రి.